పచ్చలైటుకు సంతకం పెట్టని అమ్మమ్మ

ప్రపంచంలో ఏ లిఫ్టుకైనా రెండంతస్తుల మధ్య ఆగిపోవాలని బుద్ధి పుడితే, అది ముందుగా మా అమ్మమ్మకు అర్జీ పెట్టుకోవాలి. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, అర్జీ రెండుసార్లు చదివి, "ఊఁ, ఆగు" అంటే ఆగాలి. "వద్దు" అంటే నోరు మూసుకుని పైకి పోవాలి. ఆవిడను మించిన ఇంజనీరు ఇంతవరకూ పుట్టలేదు. పుట్టబోయేవాళ్ళు కూడా ఆవిడ రిటైరయ్యాక చూద్దాంలే అని ఆగి ఉన్నారని వినికిడి.

నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఇక అసలు సంగతి.

మా అమ్మమ్మది లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. లిఫ్టులు బిగించదు, తాళ్ళకు గ్రీజు రాయదు. లోపల ఇరుక్కున్న మనిషి ఎర్ర బటన్ నొక్కితే ఆ కబురు కంట్రోల్ రూముకు చేరాలి కదా, ఆ కబురు నడిచే దారిని కాపాడటం ఆవిడ పని. ఊళ్ళో ఈ కంపెనీ చూసుకునే లిఫ్టులు పదకొండు వందలు. ఒక్కొక్క దాని మీద బిస్కెట్ డబ్బా అంత పెట్టె ఉంటుంది. ఆ పెట్టె ఆఫీసులో ఉన్న సర్వరుతో ఒక లైను తెరిచి పెట్టుకుంటుంది. పనిబడినప్పుడు కలిపి, పనయ్యాక తెంపుకునే లైను కాదు, ఎప్పుడూ తెరిచే ఉండే లైను. ఇరవై అయిదు సెకన్లకోసారి సర్వరు "ఉన్నావా?" అంటుంది. పెట్టె "ఉన్నా" అంటుంది. వాటి మధ్య ఇంతకు మించి మాటల్లేవు. చాలా కాపురాలు ఈ మాత్రం కూడా లేకుండా నడుస్తున్నాయని మా అమ్మ అంటుంది.

ఆ సర్వరులోని ప్రోగ్రాం రాసింది అమ్మమ్మే. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని సాకుతున్నదీ ఆవిడే. మొదట్లో టెలిఫోను తీగల మీద నడిచింది, తరవాత ఇంటర్నెట్ మీదికి మారింది. తీగలు మారాయి, మేనేజర్లు మారారు, ఆఫీసు గోడల రంగు నాలుగుసార్లు మారింది. "ఉన్నావా, ఉన్నా" మాత్రం మారలేదు. అందుకే ఆఫీసులో ఆవిడకు "ఉన్నావా మేడం" అని పేరు. ఎదురుగా అనరు. అన్నా ఆవిడ ఏమీ అనుకోదు, "ఉన్నాను, ఏం కావాలి?" అంటుంది.

ఇంట్లో కూడా అదే వరస. పొద్దున్న ఎనిమిదింటికి ఇంటిల్లిపాదికీ ఫోనులో "ఉన్నావా?" అని మెసేజి వస్తుంది. "ఉన్నా" అని కొట్టాలి. అంతకుమించి ఎవరూ ఏమీ రాయక్కర్లేదు, క్షేమసమాచారాలు ఆవిడకు చిరాకు. ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చున్న తాతయ్యకు కూడా పంపుతుంది. ఆయన ఫోను ముట్టుకోకుండా గోడ ఇవతలి నుంచి "ఉన్నానే, ఎక్కడికి పోతాను!" అని కేక పెడతాడు. మావయ్య ఒకసారి హాస్యానికి "లేను" అని రాశాడు. అరగంటలో అమ్మమ్మ ఆఫీసులోని లిఫ్టు మెకానిక్కు పనిముట్ల సంచీతో ఆయన ఇంటి తలుపు కొట్టాడు. మావయ్య సబ్బు నురగతో వచ్చి తలుపు తీశాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఎవరూ హాస్యమాడరు.

ఒక మనవరాలు మాత్రం అంతకంటే తెలివిమీరింది. ఎనిమిదింటికి నిద్ర లేవడం చేతకాక, ఫోను తనంతట తానే "ఉన్నా" అని జవాబిచ్చేటట్టు ఏర్పాటు చేసుకుంది. తొమ్మిది రోజులు హాయిగా నడిచింది. పదో రోజు అమ్మమ్మ "కాలు విరిగిందా?" అని పంపింది. ఫోను "ఉన్నా" అంది. "ఇల్లు తగలబడుతోందా?" అంది. ఫోను "ఉన్నా" అంది. ఆ పిల్ల నిద్ర లేచేసరికి మంచం పక్కన కుర్చీ వేసుకుని అమ్మమ్మ కూర్చుని ఉంది. తిట్టలేదు. "నువ్వు లేనప్పుడు ఉన్నానని చెప్పేదానికన్నా, ఏమీ చెప్పనిది నయం" అని లేచి ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఎవరో ఇక్కడ అనవసరం.

ఈ పట్టుదల ఆవిడకు పుట్టుకతో రాలేదు. ఒక లిఫ్టులో వచ్చింది.

ఇరవై ఏడేళ్ళ కిందట ఆవిడ వేరే కంపెనీలో జీతాల ప్రోగ్రాం రాసే ఉద్యోగంలో ఉండేది. అప్పటికే మా అమ్మకు పన్నెండేళ్ళు, మావయ్యకు తొమ్మిది. తాతయ్య తాను కుట్టిన కోటు ఒకటి ఆవిడ ఆఫీసున్న మేడలోనే ఆరో అంతస్తులో ఇవ్వాలని వచ్చాడు. ఇద్దరూ లిఫ్టెక్కారు. నాలుగుకూ అయిదుకూ మధ్య అది ఆగిపోయింది. అమ్మమ్మ ఎర్ర బటన్ నొక్కింది. బటన్ పక్కన చిన్న లైటు వెలిగింది.

"లైటు వెలిగిందిగా, వస్తారులే" అన్నాడు తాతయ్య.

అరగంటయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ వెలిగింది.

"చూశావా, వాళ్ళకు తెలిసింది. దారిలో ఉంటారు."

అలా మూడు గంటల నలభై నిమిషాలు. ఆ లోపల తాతయ్య చేతిలోని కోటుకు బటన్లు మరింత గట్టిపడాలని పదకొండు బటన్లూ విప్పి మళ్ళీ కుట్టాడు. చివరికి మెట్లు తుడిచే ఆవిడ వీళ్ళ కేకలు విని మనుషుల్ని పిలుచుకొచ్చింది. తీరా చూస్తే ఆ బటన్ తీగ వెనకాల తెగిపోయి రెండు నెలలయింది. నొక్కగానే లైటు వెలిగేది బటన్ దగ్గరున్న బ్యాటరీతో. కబురు ఎవరికి అందినా అందకపోయినా అది వెలుగుతూనే ఉంటుంది.

ఇరుక్కున్నందుకు అమ్మమ్మకు కోపం లేదు. లైటు వెలిగిందని తాను మూడు గంటలు గొంతెత్తకుండా కూర్చున్నందుకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడే లిఫ్టుల కంపెనీకి వెళ్ళి "మీ లైటు అబద్ధాలాడుతోంది" అంది. ఫిర్యాదు పుస్తకం ఇచ్చారు. "పుస్తకం కాదు, ఉద్యోగం ఇవ్వండి" అంది. ఎలా ఇచ్చారో వాళ్ళకే తెలియదు. చేరిన మొదటి ఏడే ఆవిడ పెట్టిన నియమం ఒకటి: బటన్ నొక్కితే లైటు వెలగకూడదు. అవతలినుంచి "విన్నాను" అని జవాబు వచ్చాకే వెలగాలి. అలాగే కంట్రోల్ రూములో గోడంత బోర్డు మీద ఒక్కో లిఫ్టుకు ఒక్కో చుక్క పెట్టించింది. పెట్టె "ఉన్నా" అని నిమిషంలోపల అని ఉంటేనే ఆ చుక్క పచ్చగా ఉంటుంది. నిమిషం దాటితే బూడిద రంగు. తాతయ్యను అడిగితే, "నేనన్న ఒక్క మాటకు ఊరంతా లైట్లు మార్చేసింది, మీ అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త" అంటాడు.

మొన్నటి గొడవ ఆ చుక్కల గురించే.

అమ్మమ్మకు కంటి ఆపరేషనై మూడు వారాలు ఇంట్లో ఉంది. ఆ మూడు వారాల్లో ఆఫీసుకు కొత్త మేనేజరు వచ్చి అన్నీ చక్కబెట్టడం మొదలుపెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. చొక్కా మీద ఎప్పుడు చూసినా ఒక్క మడత కూడా ఉండదు. అందుకని అమ్మమ్మ ఇంట్లో అతన్ని "ఇస్త్రీ" అంటుంది. ఆ ఇస్త్రీకి చిందరవందరగా ఏది కనబడినా చెయ్యి ఊరుకోదు. బోర్డు మీద అప్పుడప్పుడూ చుక్కలు బూడిదరంగుకు మారి మళ్ళీ పచ్చబడుతుంటే అతని కంటికి నదురుగా లేదు. "ఇరవై అయిదు సెకన్లకోసారి ఉన్నావా, ఉన్నావా అని ఎందుకీ వాగుడు? పదినిమిషాలకోసారి చాలు" అన్నాడు. లైను తెరిచి ఉన్నట్టు సర్వరు పుస్తకంలో రాసి ఉంటే చాలు, చుక్క పచ్చగా చూపించమన్నాడు. ఇంజనీర్లు అలాగే చేశారు. బోర్డు మొత్తం పచ్చగా, ఒక్క మచ్చ లేకుండా నిగనిగలాడింది. ఫోటో తీసి పెద్ద ఆఫీసుకు పంపారు.

అమ్మమ్మ కొత్త కన్నుతో ఆఫీసుకు వచ్చి ఆ బోర్డు ముందు నిలబడింది. చాలాసేపు చూసింది.

"చూపు బాగా వచ్చిందా మేడం?" అన్నాడు మేనేజరు వెనకనుంచి.

"వచ్చింది. అన్నీ పచ్చగా ఉన్నాయి. పదకొండు వందల్లో ఒక్కదానికి కూడా జలుబు చెయ్యలేదా?"

"అదే మరి మన కొత్త పద్ధతి గొప్ప" అని ఒక కాయితం ఆవిడ చేతికిచ్చాడు. కొత్త పద్ధతిని పరీక్షించాను, సరిగా పని చేస్తోంది అని ఉంది అందులో. కింద ఆవిడ సంతకానికి చోటు. ఇరవై ఆరేళ్ళుగా ఆ సర్వరు బాధ్యత ఆవిడది కనక ఆవిడ సంతకం లేనిదే అది పక్కా కాదు. శుక్రవారం పెద్దాఫీసు నుంచి మనిషి వచ్చి ఆ కాయితం పట్టుకుపోతాడు.

"పరీక్షించలేదు కదా సార్. పరీక్షించి పెడతాను."

"మేం పరీక్షించాం మేడం. ముప్ఫై లిఫ్టుల్లో. పెట్టె ఆన్ చేశాం, బటన్ నొక్కాం, రెండు సెకన్లలో పలికింది."

"ఆన్ చేసిన ఎంతసేపటికి నొక్కారు?"

"వెంటనే. ఎందుకు?"

"ఏం లేదు" అంది అమ్మమ్మ. ఆవిడ "ఏం లేదు" అంటే ఇంట్లో అందరం పక్క గదిలోకి తప్పుకుంటాం. పాపం మేనేజరుకు అలవాటు లేదు.

కంట్రోల్ రూములో ఫోన్లెత్తే ఆపరేటరు అమ్మమ్మ దగ్గరికి కుర్చీ జరుపుకుంది. ఇద్దరూ పదిహేనేళ్ళుగా ఒకే ఫ్లాస్కులో టీ తాగుతున్నారు.

"మేడం, ఒక విచిత్రం చెప్తా వినండి. సోమవారం పళ్ళ డాక్టరు మేడ నుంచి పద్నాలుగు కబుర్లొచ్చాయి. బటన్ నొక్కారు, బటన్ నొక్కారు అని పద్నాలుగు. అన్నీ ఒకే సెకనులో! ఎవరికో పిచ్చి పట్టింది అనుకున్నా. మాట్లాడితే లోపల ఎవరూ లేరు."

"లోపల ఎవరూ లేరా, వెళ్ళిపోయారా?"

"వెళ్ళిపోయారు. తరవాత ఆ డాక్టరే ఫోన్ చేసి తిట్టాడు. ఎవరో టీచరమ్మట, పావుగంట ఇరుక్కుందిట. నొక్కుతూనే ఉందిట. చివరికి చెప్పు తీసి తలుపు మీద బాదితే వాళ్ళే తీశారుట."

అమ్మమ్మ టీ కప్పు కింద పెట్టేసింది. ఒక సెకనులో పద్నాలుగుసార్లు ఎవరూ నొక్కలేరు. పావుగంటలో నొక్కినవన్నీ దారి దొరక్క ఆగి, దారి దొరకగానే ఒక్కసారిగా తోసుకుని వచ్చాయి. ఆ పావుగంటా బోర్డు మీద పళ్ళ డాక్టరు మేడ చుక్క పచ్చగానే ఉంది.

ఎందుకు అలా జరిగిందో ఆవిడకు అప్పుడే అర్థమైంది. పెట్టెకూ సర్వరుకూ మధ్య దారిలో ఇంకెవరివో యంత్రాలుంటాయి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అవి ఒక పట్టికలో రాసుకుంటాయి. అయిదు నిమిషాలు ఎవరూ నోరు విప్పకపోతే, "వీళ్ళ మాటలు అయిపోయినట్టున్నాయి" అని ఆ వరస చెరిపేస్తాయి. చెరిపినట్టు ఇటు చెప్పవు, అటూ చెప్పవు. ఆ తరవాత ఎవరైనా మాట పంపితే "నువ్వెవరో నాకు తెలియదు" అని పక్కన పారేస్తాయి. ఇవతల పెట్టె లైను ఉందనే అనుకుంటుంది. అవతల సర్వరూ ఉందనే అనుకుంటుంది. మధ్యలో లైను లేదు. పంపి పంపి విసిగి, పెట్టె కొత్త లైను కలుపుకునేసరికి పావుగంట. ఇరవై అయిదు సెకన్లకోసారి "ఉన్నావా" అని అడగడం వాగుడు కాదు, ఆ మధ్యవాడు మరిచిపోకుండా గుర్తు చెయ్యడం. ఇంజనీర్లు పరీక్షించింది ఆన్ చెయ్యగానే కాబట్టి ప్రతిసారీ పలికింది. ఆరు నిమిషాలు ఊరుకుని నొక్కుదామని ముప్ఫై లిఫ్టుల్లో ఒక్కదాని దగ్గర కూడా ఎవరికీ తోచలేదు. ఆరు నిమిషాలు ఊరికే నిలబడే ఓపిక ఎవరికుంది?

మేనేజరుకు ఇదంతా చెప్పింది. గోడకు చెప్పినట్టయింది. "పళ్ళ డాక్టరు మేడలో పెట్టె పాడై ఉంటుంది మేడం, మార్పించేద్దాం" అన్నాడు. "మీకు ఆ పాత పద్ధతి మీద మమకారం, నాకర్థమవుతుంది" అని కూడా అన్నాడు, చాలా మెత్తగా.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మమ్మ చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరింది. తాతయ్య కుట్టుమిషను ఆపాడు.

"ఇస్త్రీ ఏమన్నాడు?"

"మమకారం అన్నాడు."

తాతయ్య నోట్లో గుండుసూదులు తీసి దిండుకు గుచ్చాడు. "ఇంకా ఎనిమిది నెలల్లో రిటైరవుతావు. ఒక్క సంతకమే కదా. పెట్టేసి రా. తరవాత వాళ్ళూ వాళ్ళ లిఫ్టులూ."

"నువ్వు ఆవేళ కూడా ఇలాగే అన్నావు. వస్తారులే అన్నావు."

"ఇరవై ఏడేళ్ళయిందే!"

"ఆ టీచరమ్మకు మొన్న సోమవారమే అయింది. లైటు వెలగలేదని, చెప్పు తీసి తలుపు బాదడానికైనా ధైర్యం చేసింది. నేను ఆ కాయితం మీద పేరు రాస్తే, బోర్డు మీద పచ్చచుక్క నాది. ఎవరు లోపల ఊపిరాడక కూర్చున్నా, ఇక్కడ అంతా బాగుందని నేను చెప్పినట్టు. పెట్టను. ఉద్యోగం తీసేస్తే తీసెయ్యమను. నీ మిషను పక్కన కాజాలు కుట్టుకుంటా."

"అమ్మో, వద్దు" అన్నాడు తాతయ్య. "నీ కాజాలు ఒక్కటీ తిన్నగా ఉండవు. అక్కడే పోట్లాడుకో."

శుక్రవారం పొద్దున్న అమ్మమ్మ పట్టుచీర కట్టలేదు, మంచి చెప్పులు వేసుకోలేదు. సంచీలో మడత స్టూలు, మంచినీళ్ళ సీసా, గడియారం పెట్టుకుంది. దారిలో మెకానిక్కుకు ఫోన్ చేసింది. మావయ్య ఇంటికి పరిగెత్తినవాడే అతను. ఆవిడ మాటంటే వేదమనడు గానీ, కాదనడానికి ధైర్యం లేదు.

"తమ్ముడూ, పదకొండింటికి మన ఆఫీసు లిఫ్టు మిషను గదిలో ఉండు. నేను ఎక్కాక మూడుకూ నాలుక్కూ మధ్య ఆపు. లోపల లైటూ ఫ్యానూ తియ్యకు. స్విచ్చి మీద చెయ్యి పెట్టుకునే ఉండు. లిఫ్టులోంచి ఆపరేటరు గొంతు వినబడగానే నడుపు. వినబడకపోతే అరగంటకు నువ్వే నడుపు."

"అక్కా, లోపల నీతో ఎవరుంటారు?"

"మేనేజరు."

"అక్కా, నేను ఈ ఫోను ఎత్తలేదు" అన్నాడు. అయినా పదకొండింటికి మిషను గదిలో ఉన్నాడు.

పదకొండుకు పది నిమిషాలుండగా పెద్దాఫీసు మనిషి వచ్చాడు. మేనేజరు ఆయనకు టీ ఇప్పించి, అమ్మమ్మ ముందు కాయితమూ కలమూ పెట్టాడు.

"మన ఆఫీసు లిఫ్టు ఒక్కటి పరీక్షిస్తే పెట్టేస్తాను సార్" అంది అమ్మమ్మ.

"ఇప్పుడే పెట్టె ఆన్ చేయిస్తా, నొక్కి చూసుకోండి" అన్నాడతను హుషారుగా. ఆన్ చేయించాడు, తానే వెళ్ళి నొక్కాడు, పలికింది. పెద్దాఫీసు మనిషి తల పంకించాడు.

"బాగుంది. ఇప్పుడు నాతో ఒక్కసారి పైకి రండి" అంది అమ్మమ్మ. ఆవిడ చంకలో మడత స్టూలు చూసినప్పుడే అతనికి అనుమానం రావాల్సింది. మర్యాద కొద్దీ ఆవిడ సంచీ తాను పట్టుకుని మరీ ఎక్కాడు.

మూడు దాటింది. లిఫ్టు చిన్న కుదుపు కుదిపి ఆగింది.

మేనేజరు పైకి చూశాడు, కిందికి చూశాడు. ఫోను తీశాడు. సిగ్నలు లేదు. ఎర్ర బటన్ వైపు చెయ్యి చాపాడు. అమ్మమ్మ బటన్‌కు అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఇంకా ఆరు నిమిషాలు కాలేదు సార్. మీరు నొక్కినప్పటినుంచి మూడున్నరే అయింది. కాసేపు ఆగుదాం."

"మీరే ఆపించారా!"

"నేనే. నీళ్ళు తాగండి."

"మేడం, ఇది చాలా తప్పు. నేను దీని మీద చర్య తీసుకుంటాను."

"తీసుకోండి. బయటికి వెళ్ళాక."

మిగిలిన రెండున్నర నిమిషాలు ఎంత పొడుగో ఆ మేనేజరుకు ఆ రోజు తెలిసింది. టై వదులు చేసుకున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. అలా అతని చొక్కా మీద మడత పడటం ఆఫీసు చరిత్రలో అదే మొదటిసారి. గడియారంలో ఆరు నిమిషాలు దాటగానే అమ్మమ్మ స్టూలు జరిపింది. "ఊఁ, ఇప్పుడు నొక్కండి."

నొక్కాడు. బటన్ పక్కన లైటు వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. వెలగలేదు.

"లైటు పాడైందా?"

"బాగానే ఉంది. అవతల ఎవరూ వినలేదని చెబుతోంది. పెట్టెలోని నా నియమం మార్చడం మీరు మరిచిపోయారు, అదొక్కటే అదృష్టం."

"కింద బోర్డు మీద…"

"పచ్చగా ఉంటుంది. పెద్దాఫీసు ఆయన దాన్ని చూస్తూ టీ తాగుతుంటాడు."

అతను నొక్కాడు, నొక్కాడు, నొక్కాడు. తలుపు మీద చేత్తో కొట్టాడు. తరవాత పిడికిలితో కొట్టాడు. చెప్పు తియ్యలేదు గానీ, ఒకసారి బూటు వైపు చూసుకోవడం అమ్మమ్మ గమనించింది. ఇరవై ఏడేళ్ళ కిందటి కోటూ, అందులోని పదకొండు బటన్లూ ఆవిడకు గుర్తొచ్చాయి. మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయి. కుర్రాడి నుదుటి మీద చెమట చూసి కాస్త జాలి కూడా కలిగింది. అయినా గొంతెత్తి మెకానిక్కును పిలవలేదు. టీచరమ్మను తలుచుకుని కూర్చుంది.

నొక్కడం మొదలుపెట్టిన పదిహేడు నిమిషాలకు బటన్ పక్కన లైటు టక్కున వెలిగింది. పైనున్న స్పీకరు గరగరలాడింది. "కంట్రోల్ రూము, చెప్పండి… ఓరి దేవుడా, ఇరవై తొమ్మిది కబుర్లా! ఎవరండీ లోపల?"

"మేనేజరు గారు" అంది అమ్మమ్మ.

లిఫ్టు కదిలింది. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకుంది. మేనేజరు మెట్లమీదుగా కిందికి దిగి బోర్డు ముందు నిలబడ్డాడు. పెద్దాఫీసు మనిషి టీ ముగించి, "ఏం జరిగింది? ఇక్కడ అంతా పచ్చగానే ఉందే!" అన్నాడు. మేనేజరు ఆయన వైపు చూశాడు. ఆ చూపు ఏమిటో అమ్మమ్మ ఇప్పటికీ చెప్పలేదు, "పాపం, వాడికి అర్థమైంది" అని మాత్రం అంది.

ఆ మధ్యాహ్నమే ఇరవై అయిదు సెకన్లు తిరిగి వచ్చాయి. నిమిషం నియమం తిరిగి వచ్చింది. బోర్డు మీద ఒకేసారి నలభై ఏడు చుక్కలు బూడిదరంగుకు మారాయి. ఎప్పుడో చచ్చి, చచ్చినట్టు ఎవరికీ తెలియకుండా వారాలుగా పచ్చగా ఉన్నవి అవి. మెకానిక్కు, అతని తోటివాళ్ళు నాలుగు రోజులు మేడలెక్కి దిగారు. పళ్ళ డాక్టరు మేడలో పెట్టె బాగానే ఉంది. దాన్ని ఎవరూ మార్చలేదు.

అమ్మమ్మకు పూలదండ వెయ్యలేదు. సోమవారం ఒక మెమో వచ్చింది. కంపెనీ లిఫ్టును దుర్వినియోగం చేసి పై అధికారిని పంతొమ్మిది నిమిషాలు నిర్బంధించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి అని. కింద మేనేజరు సంతకం, ఎక్కడా వంకర లేకుండా. అమ్మమ్మ ఆ కాయితం వెనకే జవాబు రాసిచ్చింది. ఒక్క ముక్క: "మళ్ళీ చేస్తాను."

ఆ మెమో నకలు ఇప్పుడు మా వంటింట్లో గోడకు ఉంది. తాతయ్య దానికి గుడ్డతో అంచు కట్టాడు. మేనేజరు ఆ తరవాత ఏ చర్యా తీసుకోలేదు. కొత్త పరీక్షల కాయితంలో ఒక వరస మాత్రం చేర్చాడట: బటన్ నొక్కే ముందు ఆరు నిమిషాలు ఆగవలెను. ఆ వరస కింద అమ్మమ్మ సంతకం పెట్టింది.

ఇదంతా రాసి, ఆదివారం పొద్దున్న అమ్మమ్మకు చదివి వినిపించాను. కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నది. నిద్రపోయిందేమోనని మధ్యలో రెండుసార్లు "ఉన్నావా?" అన్నాను. "ఉన్నా, చదువు" అంది. అయిపోయాక, ఇందులో అంతా నిజమేనని కింద సంతకం పెట్టమని కలం ఇచ్చాను. కళ్ళజోడు సవరించుకుని, మొదటి నుంచి రెండుసార్లు చదివింది.

"పదిహేడు నిమిషాలు కాదు, పదహారున్నర. ఇంక, ఏ లిఫ్టూ నన్నడిగి ఆగదు. అడక్కుండా ఆగుతాయనే ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం చేశాను. ఆ మొదటి పేరా అబద్ధం, కొట్టెయ్. కొట్టేదాకా సంతకం పెట్టను."